వీడియో సాఫ్ట్‌వేరు వర్తకము: మొత్తపు బేరములోని మంచిచెడ్డలు

(గోపాలపూరులో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశమున వర్తక సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. మెట్రిక్యులేషన్ వరకు చదివి, అటుపై దుకాణపు గద్దెపై కూర్చున్నవాడను. ఈ సభలలో మనము సాధారణముగా భాషను గూర్చియు, పాఠశాలలను గూర్చియు మాటలాడుకొందుము. నేడు అంగడి మాట యొకటి చెప్పుటకు అధ్యక్షులవారు అనుమతించినందుకు కృతజ్ఞుడను. ఈ మాట చివరకు మన భాషయొద్దకే వచ్చి చేరునని ముందుగా మనవి చేయుచున్నాను.

కొలది దినముల క్రిందట మన సభ్యుల కుటుంబమునకు చెందిన యువకుడొకడు నా దుకాణమునకు వచ్చినాడు. అతడు పెండ్లిండ్లకును, ఉపనయనములకును, రెండేండ్ల కొకసారి బరంపురములో జరుగు బుఢీ ఠాకురాణీ యాత్రకును వీడియోలు తీసి జీవించువాడు. తన పనికి మేలైన కూర్పు సాఫ్ట్‌వేరు కావలసి డీలరు నొకని అడిగినాడట. ఆ డీలరు, “సాఫ్ట్‌వేరు విడిగా అమ్మము. కంప్యూటరు, కార్డు, డిస్కులు, తెరలు అన్నియు కలిపియే ఇత్తుము. కంపెనీవారి పద్ధతి అది” అని చెప్పెనట. “అన్నయ్యగారూ, నావద్ద మంచి కంప్యూటరు ఉండగా మరల కంప్యూటరు కొనుట యెందుకు? ఇది న్యాయమేనా?” అని ఆ యువకుడు నన్నడిగినాడు.

ఆనాడు నేను తిన్నగా ఉత్తర మియ్యలేకపోతిని. నేనును ఒకప్పుడు అట్టి బేరము కుదిర్చి కమీషను తినినవాడను గనుక నోరు పెగలలేదు. నేడు ఆ ఉత్తరము నందరి యెదుట చెప్పదలచినాను.

మొత్తపు బేరమనగా నేమి?

వృత్తిగా వీడియో పని చేయువారికొరకు తయారైన సాఫ్ట్‌వేరును, దానిని తయారుచేసిన కంపెనీ కొన్ని సందర్భములలో కొనువానికి తిన్నగా అమ్మదు. తాను ఆమోదించిన మారుబేరగానికి, అనగా డీలరునకు, మాత్రమే ఇచ్చును. ఆ డీలరు తగిన కంప్యూటరు తెచ్చి, అందులో దృశ్యమును లోనికి తీసికొను కార్డు నమర్చి, డిస్కులు, తెరలు, శబ్దపు పెట్టెలు చేర్చి, సాఫ్ట్‌వేరు నెక్కించి, దానికి తాళముగా డాంగిల్ అను చిన్న బిళ్లను వెనుక గ్రుచ్చి, మొత్తమునకు ఒక్క ధర చెప్పును. కొనువాడు తన గదిలో మీట నొక్కుటయే తరువాయి.

మన బరంపురము పట్టుచీరలకు పేరు పొందినది. మగ్గము నెరుగని కుటుంబము మనలో అరుదు. మగ్గము గలవాడు నాడె అరిగినచో నాడె కొనును. పన్నె పాడైనచో పన్నె మార్చును. ఒక్క భాగము చెడినంత మాత్రమున మగ్గమంతయు క్రొత్తగా కొనుమని చెప్పువాడు లేడు. మొత్తపు బేరములోని వీడియో యంత్రము అట్టిది గాదు. దాని భాగములు ఒకదానితో నొకటి ముడిపడియుండును. ఆ ముడిని విప్పు అధికారము అమ్మినవానివద్దనే యుండును. మంచియు చెడ్డయు రెండును ఆ ముడిలోనే యున్నవి.

ఈ పద్ధతి ఎందుకు పుట్టినది?

తొలుత మంచిని చెప్పుట ధర్మము. ఈ పద్ధతి కేవలము దురాశనుండి పుట్టినది కాదు.

అమెరికాలోని ఆంపెక్స్ కంపెనీ 1956లో వాడుకకు పనికివచ్చు మొదటి వీడియో టేపు యంత్రమును లోకమునకు చూపెను. ఆ తొలి దినములలో టేపును కత్తితో కోసి అతికించి కూర్పు చేసెడివారు. 1971లో సి.బి.ఎస్., మెమొరెక్స్ సంస్థలు కలిసి నెలకొల్పిన సి.ఎం.ఎక్స్. కంపెనీ, కంప్యూటరుతో కూర్పు చేయు 600 అను యంత్రమును తెచ్చినది. దాని వెల రెండున్నర లక్షల డాలర్లు. ఇంగ్లండులోని క్వాంటెల్ కంపెనీ 1981లో పెయింట్‌బాక్స్‌ను, 1985లో హ్యారీని తెచ్చినది. అవి తమకొరకే ప్రత్యేకముగా నిర్మింపబడిన యంత్రములు. వాటిలోని సాఫ్ట్‌వేరును మాత్రము విడదీసి యిమ్మని యడుగుట, గడియారములోని కాలమును విడదీసి యిమ్మని యడుగుట వంటిది.

తరువాత బిల్ వార్నర్ 1987లో స్థాపించిన ఆవిడ్ కంపెనీ, 1989లో మాకింటోష్ కంప్యూటరుపై నడచు కూర్పు యంత్రమును అంగడికి తెచ్చినది. 1991లో కెనడాలోని మాంట్రియల్ నగరమున పుట్టిన డిస్క్రీట్ లాజిక్ కంపెనీ, ఫ్లేమ్ అను సాఫ్ట్‌వేరును సిలికాన్ గ్రాఫిక్స్ వారి ఖరీదైన కంప్యూటర్లతో జతపరచి అమ్మినది. ఇవి పేరునకు సాఫ్ట్‌వేరు కంపెనీలే. అయినను అవి అమ్మినది పూర్తి యంత్రమునే.

కారణమేమి? కొంచెము లెక్క చూడుడు. మన దేశపు పాత టెలివిజన్ చిత్రము అడ్డముగా 720, నిలువుగా 576 చుక్కలు కలది. సెకనునకు 25 చిత్రములు. దానిని కుదించకుండ దాచినచో సెకనునకు రమారమి 20 మెగాబైట్లు, గంటకు 75 గిగాబైట్ల వరకు స్థలము కావలెను. 1990 ప్రాంతమున మామూలు కంప్యూటరు డిస్కు కొన్ని పదుల, లేదా కొన్ని వందల మెగాబైట్లది. అట్టి కాలములో బిడ్డ చేతికి కత్తి నిచ్చినట్లు సాఫ్ట్‌వేరు పెట్టె నొకటి ఇచ్చి, “నీ కంప్యూటరులో వేసికొమ్ము” అనినచో చిత్రము సగములో నిలిచిపోవును, శబ్ద మొకచోటను పెదవు లొకచోటను పోవును. కొనినవాడు కంపెనీని తిట్టును. కావున ఏ కార్డు ఏ డిస్కుతో సరిపడునో ముందే పరీక్షించి, సరిపడినవానినే కూర్చి యిచ్చుట యనివార్యమైనది.

అందులో డీలరు పని చిన్నది కాదు. యంత్రమును కూర్చవలెను, నేర్పవలెను, రాత్రి పిలిచినను రావలెను. కొనువానికి పది కంపెనీలతో తగవు లేకుండ ఒక్క మనిషి జవాబుదారిగా నుండును. ఇది యొక గొప్ప సౌకర్యము. కార్డువాడు డిస్కువానిని, డిస్కువాడు కంప్యూటరువానిని చూపి తప్పించుకొను బెడద ఇందులో ఉండరాదు. మంచి డీలరు దొరకినవాడు ఆ రోజులలో అదృష్టవంతుడు. అట్టివారు నేటికిని కలరు. వారికి నా నమస్కారము.

మన ప్రాంతమునకు వచ్చిన తీరు

1995లో డి.వి. అను అంకెల టేపు పద్ధతి వెలువడినది. అందులో గంట చిత్రమునకు 13 గిగాబైట్లు చాలును. దీనితో పెద్ద నగరముల స్టూడియోలకు మాత్రమే చెల్లిన పని చిన్న పట్టణముల పెండ్లి వీడియోవారికి అందుబాటులోనికి వచ్చెను. జపానులోని కోబె నగరమునకు చెందిన కనోపస్ కంపెనీ కార్డులును, 2003లో అది తెచ్చిన ఈడియస్ సాఫ్ట్‌వేరును మన దేశమున బాగుగ ప్రచారము పొందినవి. ఆ కంపెనీ తరువాత థామ్సన్ సంస్థ క్రిందికి వచ్చి గ్రాస్ వ్యాలీ పేరుతో కలిసిపోయినది. ఆంధ్రదేశమునందును, మన గంజాం ప్రాంతమునందును వీడియో పనివారిలో ఈడియస్ పేరెరుగనివారు తక్కువ.

మనకు సామగ్రి వచ్చు దారులు రెండు. దక్షిణమున విశాఖపట్టణము, హైదరాబాదు. ఉత్తరమున కటకము, కలకత్తా. మనము ఆ నడుమ రైలు మార్గముపై నున్నాము. అన్ని ఊళ్ల డీలర్లకును మనము చివరి ఖాతాదారులమే. యంత్రము అమ్ముటకు వచ్చినంత వేగముగా బాగుచేయుటకు వచ్చినవారిని నేను అరుదుగా చూచితిని.

నా చేతి తప్పు

ఇప్పుడు నా సంగతి చెప్పెదను. 2007లో నేను కెమెరాలు, క్యాసెట్లు, ఆల్బములు అమ్ముచుంటిని. దూరపు నగరమునుండి వచ్చిన డీలరొకరు, “మీ ఊరిలో యంత్రము లమ్మించినచో కమీషను ఇత్తుము” అనిరి. నేను ఒప్పుకొంటిని. ఈ తీరపు పల్లెలోనే ఒక యువకుడు. తండ్రి పడవపై పోవువాడు. కుర్రవాడు చేతిలో పనితనము గలవాడు. నా మాట నమ్మి తల్లి బంగారము కుదువబెట్టి, మరికొంత చేబదులు తెచ్చి యంత్రము కొనెను. బిల్లులో ఒక్కటే వరుస: “వీడియో ఎడిటింగ్ సిస్టం – 1.” దానిని చదివినది నేనే, సరియేనని చెప్పినదియు నేనే.

పదునాలుగు నెలలు యంత్రము బాగుగ నడచెను. వైశాఖ మాసపు పెండ్లిండ్ల నడుమ ఒక దినమున ఆగిపోయెను. డిస్కులను నడపు కార్డు కాలిపోయినది. అందులో నాలుగు పెండ్లిండ్లు సగము కూర్పులో నున్నవి. చిత్రమును రెండు డిస్కులకు పంచి వ్రాయు ఏర్పాటు గనుక, ఆ కార్డు లేనిదే డిస్కులు బాగుగ నున్నను వానిలోనిది చదువ వీలులేదు. డీలరుగారిని అడిగితిమి. ఆ కార్డు ఇప్పుడు తయారు కాదనిరి. వేరు కార్డు వేయుమన్నచో సాఫ్ట్‌వేరు ఒప్పుకొనదనిరి. వేరు కంప్యూటరులో సాఫ్ట్‌వేరు వేయుమన్నచో లైసెన్సు ఆ యంత్రమునకే యనిరి. క్రొత్త సాఫ్ట్‌వేరు అడిగినచో క్రొత్త యంత్రముతో మాత్రమే యనిరి. చివరకు నేను రైలెక్కి ఆ నగరమునకు పోయి లైసెన్సు కాగితము చూపుమని యడిగితిని. ఆ కాగితము కుర్రవాని పేరున లేదు. డీలరు పేరుననే యున్నది!

మూడు పెండ్లిండ్ల టేపులు మిగిలియుండుటచే, వేరొక స్టూడియోలో రాత్రులు కూర్చుండి మరల కూర్చి యిచ్చినాము. నాలుగవ పెండ్లి టేపులపై, పొదుపు కొరకు, అప్పటికే మరియొక పెండ్లిని తీసియుండిరి. అది పోయినది. ఆ పెండ్లిలో వరుని తాతగారు పీటలవద్ద కూర్చుండి అక్షింతలు వేసిన దృశ్య ముండెనట. తరువాత ఆయన ఆ సంవత్సరమే కాలము చేసిరి. ఆ యింటివారు నన్నేమియు ననలేదు. అనకపోవుటయే నన్ను నేటికిని బాధించుచున్నది.

నేను తీసికొనిన కమీషనును, దానికి మించి కొంత సొమ్మును కుర్రవానికి ఇచ్చితిని. అది చాలలేదు. అతడు సూరత్‌నకు పోయి పవర్‌లూము మిల్లులో చేరెను. మన జిల్లానుండి సూరత్‌నకు పోయినవారెందరో మీ రెరుగుదురు. వారిలో ఒకని టిక్కెట్టునకు కారణము నేను తిన్నగా చదువని బిల్లు.

కాలము మారినది

ఆ కోట గోడలు అప్పటికే బీటలు వారుచుండెను. ఆపిల్ కంపెనీ 1999లో ఫైనల్ కట్ ప్రో అను సాఫ్ట్‌వేరును 999 డాలర్లకు విడిగా అమ్మజొచ్చినది. మామూలు మాకింటోష్ ఉన్న చాలును. రంగులు సరిచేయు డావించి రిజాల్వ్ అను యంత్రము ఒకప్పుడు లక్షల డాలర్లు పలికెడిది. ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మేజిక్ డిజైన్ కంపెనీ 2009లో డావించి సంస్థను కొని, 2010లో దాని సాఫ్ట్‌వేరును 995 డాలర్లకు విడిగా ఇచ్చినది. 2011లో దాని ఉచిత ప్రతి నొకదానిని కూడ విడుదల చేసినది. ఆటోడెస్క్ కంపెనీ కూడ, అంతవరకు పూర్తి యంత్రముగా అమ్మిన స్మోక్‌ను 2009 డిసెంబరులో మాకింటోష్ కొరకు సాఫ్ట్‌వేరుగా విడదీసినది.

ఎందుకు విడదీసిరి? మామూలు కంప్యూటరు బలపడెను. ఒకప్పుడు ప్రత్యేక కార్డు చేసిన పనిని ఇప్పుడు ఆటలకొరకు అమ్ము చిత్రపు కార్డు చేయుచున్నది. ముడి వేయవలసిన యవసరము తీరిన తరువాత ముడి నుంచుకొనుట వర్తకుని యిష్టమే గాని యంత్రము యొక్క అవసరము గాదు. అయితే ఇందులో వర్తకుని వైపు మాటయు కలదు. యంత్రముపై వచ్చు లాభముతోనే డీలరు ఉచితముగా నేర్పెను, ఉచితముగా బాగుచేసెను. సాఫ్ట్‌వేరు చౌకయైనపుడు ఆ ఖర్చు నెవరు పెట్టుకొందురు? పెక్కు డీలర్లు దుకాణములు మూసిరి. తిన్నగా కొనినవాడు ఇప్పుడు కష్టము వచ్చినపుడు పిలుచుటకు మనిషి లేక, పరభాషలోని సహాయ పుటలు చదువుకొనవలసియున్నది.

చందా పద్ధతియు వచ్చినది. అడోబి కంపెనీ 2013లో ఇకపై క్రొత్త సాఫ్ట్‌వేరును శాశ్వత లైసెన్సుపై నియ్యక నెలచందాకే యిత్తునని ప్రకటించెను. చందా కట్టుట మానిన దినమున పనియు నిలుచును. కావున పాత ముడి విడినదని సంతోషించువారు క్రొత్త ముడిని కూడ గమనింపవలెను. తిన్నగా కొనుట గాని, డీలరువద్ద కొనుట గాని తనంతట తానే రక్షణ గాదు. కొనుచున్నది ఏమో తెలిసియుండుటయే రక్షణ.

చట్టము చెప్పునది

నేను వకీలును గాను. అయినను వర్తకునిగా కొన్ని సంగతులు తెలిసికొంటిని.

మొదటిది. పెట్టెలో పెట్టి అమ్ము సాఫ్ట్‌వేరు వస్తువే యని సుప్రీంకోర్టు 2004 నవంబరులో తీర్పు చెప్పినది. అది టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును నడుమ అమ్మకపు పన్ను విషయమై నడచిన వ్యాజ్యము. మన తెలుగుదేశమునుండి పుట్టిన తగవు దేశమునకంతటికి మార్గము చూపినది.

రెండవది. 2021 మార్చి 2వ తేదీన సుప్రీంకోర్టు ఇంజనీరింగ్ అనాలిసిస్ సెంటర్ కేసులో మరియొక తీర్పు నిచ్చినది. విదేశీ కంపెనీనుండి సాఫ్ట్‌వేరు తెచ్చి మన దేశమున మారుబేరము చేయువాడు చెల్లించు సొమ్ము రాయల్టీ కాదని, యంత్రములో చేర్చి అమ్మిన సాఫ్ట్‌వేరు విషయములోను అంతేనని చెప్పినది. ఇది ఆదాయపు పన్ను తగవు. మనకు కావలసిన నీతి ఒకటి అందులో కలదు. డీలరునకు సాఫ్ట్‌వేరు కాపీరైటులో పాలు లేదు. అతడు మన చేతికి దాటించునది వాడుకొను హక్కును మాత్రమే. కనుక ఆ హక్కు మన పేరున నమోదైనదా లేదా యని యడుగుట మర్యాద తప్పుట గాదు.

మూడవది. ఒక వస్తువు కొనవలెనన్నచో మరియొకటి కొనియే తీరవలెనని కట్టడి చేయుట, 2002 నాటి పోటీ చట్టము మూడవ విభాగములో చెప్పబడినది. అట్లని ప్రతి మొత్తపు బేరమును నేరము గాదు. అంగడిలో పోటీకి గణనీయమగు హాని కలిగినపుడే అది చెల్లదు. ఊరికే చట్టము పేరు చెప్పి డీలరును బెదరింపరాదు.

నాలుగవది. స్వయముగా పని చేసికొని జీవనము గడపుటకే యంత్రము కొనినవాడు, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద వినియోగదారుడే. డీలరు ఏ నగరమున నున్నను, తాను నివసించు లేక పనిచేయు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. రెండేండ్లలోపల చేయవలెను. 

ఐదవది. దొంగ ప్రతుల మాట. ఖరీదు భరింపలేక డాంగిల్ పగులగొట్టిన ప్రతులు వాడువారు మన యూళ్లలో లేరని నేను ప్రమాణము చేయజాలను. తెలిసి అట్టి ప్రతిని వాడినచో కాపీరైటు చట్టము 63-బి విభాగము క్రింద ఏడు దినములకు తక్కువ కాకుండ మూడేండ్లవరకు జైలును, ఏబది వేలనుండి రెండు లక్షలవరకు జరిమానాయు కలవు. ఉచితముగా న్యాయమైన ప్రతి దొరకు ఈ దినములలో ఆ సాహస మెందుకు?

మన అక్షరము మాట

ఇక భాషయొద్దకు వచ్చినాను. పూర్తి యంత్రమని అమ్మినది మనకు నిజముగ పూర్తియేనా? మొదటి పరీక్ష పెండ్లి శీర్షిక. వధువు పేరునకు ముందు “చి. ల. సౌ.” అని వ్రాయుదుము గదా, దానిని విడదీసి “చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి” అని యంత్రములో కొట్టి చూడుడు. తెలుగు యూనికోడ్‌లో 1991 నుండియే యున్నది. అయినను పెక్కు వీడియో సాఫ్ట్‌వేర్లకు చిరకాలము ఒత్తులు పేర్చుట తెలియలేదు. “లక్ష్మి”లోని క్షకును మకును నడుమ పొల్లు విడిగా వ్రేలాడును. “భాగ్య”లోని యవత్తు క్రిందికి దిగక ప్రక్కన నిలుచును. అందుచేత మనవారు అను స్క్రిప్ట్ వంటి పాత ఫాంట్లతో శీర్షికలు కూర్చిరి, లేదా వేరొకచోట బొమ్మగా చేసి తెచ్చి అతికించిరి. విసిగినవారు ఆంగ్లములో వ్రాసిరి.

ఈ బాధ మనకు మాత్రమే కాదు. మన ఒడియా సోదరుల యుక్తాక్షరములును అట్లే విరిగినవి. ఇరువురును కలిసి అడుగవలసిన విషయ మిది. ఎక్కడనో కూర్చిన యంత్రమును తెచ్చువానికి మన అక్షరము జ్ఞాపకముండదు. మనమడుగనిదే అతడు పరీక్షింపడు. మన పిల్లల పెండ్లి పేరు మన లిపిలో లేకపోవుటకు ఎవరిని నిందింతుము? కొనునపుడు ఒక్క వాక్యము కొట్టి చూడని మనలను మనమే నిందించుకొనవలెను.

కొనువారికి, అమ్మువారికి మనవి

కొనువారు ఈ ఐదు మాటలు గుర్తుంచుకొందురు గాక. బిల్లులో ప్రతి భాగమును, దాని ధరతో, విడిగా వ్రాయింపుడు. విడిగా వ్రాసినచో పన్ను పెరుగునని కొందరు చెప్పుదురు. అది నిజము గాదు. కంప్యూటరునకును సాఫ్ట్‌వేరునకును జి.ఎస్.టి. 18 శాతమే. లైసెన్సు మీ పేరున, మీ ఈ-మెయిలున నమోదు చేయింపుడు. ఒక భాగము చెడినచో వేరు కంపెనీ భాగము వేయవచ్చునా, సాఫ్ట్‌వేరును వేరు కంప్యూటరునకు మార్చవచ్చునా యని వ్రాతపూర్వకముగ అడుగుడు. పని చేసిన చిత్రమును ఆ యంత్రము వెలుపల మరియొక డిస్కులో దాచుడు. ఇంటివారికి వీడియో అందువరకు మూలమును చెరుపకుడు. అయిదవది, తెలుగు శీర్షిక కొట్టి చూచిన తరువాతనే బయానా ఇండు.

నా తోటి వర్తకులకును మనవి. యంత్రమును ముడివేసి లాభము తీయు కాలము గడచిపోవుచున్నది. మనము అమ్మదగినది పని. కూర్చుట, నేర్పుట, బాగుచేయుట, పిలిచినపుడు పోవుట: వీనికి వేరుగా, బాహాటముగా ధర చెప్పుదము. అడిగిన సేవకు డబ్బిచ్చుటకు మనవారు వెనుదీయరు. దాచిన ధరనే వారు సహింపరు. మొత్తముగా కొనుటయే సుఖమని తలచువానికి మొత్తముగానే యిత్తము. కాని లోపలి ప్రతి వస్తువును చూపి యిత్తము.

సంఘమునకు నాదొక ప్రార్థన. గోపాలపూరు, బరంపురములలో వీడియో పనిపై జీవించు మన యువకులు, ఒడియా మిత్రులను కూడ కలుపుకొని, ఒక చిన్న జాబితా పుస్తకము పెట్టుకొందురు గాక. ఏ యంత్రములో ఏ భాగమున్నదో, ఎవరివద్ద ఏ విడి భాగము మిగిలియున్నదో అందులో వ్రాయుదము. ఆనాడు నాకు దొరకని ఆ కార్డు పది మైళ్ల లోపల ఏ స్టూడియో అటకమీదనో ఉండెనేమో, నాకు తెలియదు. మనము ఒకరినొకరము అడుగలేదు. దీనికి మొదటి ఖర్చు నేను భరించెదను.

ఆ యువకుని ప్రశ్నకు ఇప్పుడు నా ఉత్తరము. నాయనా, మొత్తముగా అమ్ముట అన్యాయము గాదు. మొత్తములో ఏమున్నదో చెప్పకుండ అమ్ముట అన్యాయము. నీకు మంచి కంప్యూటరు ఉన్నది గనుక విడిగా దొరకు సాఫ్ట్‌వేరు నీకు చాలును. అది పని చేయనిచో, లేదా రాత్రి వేళ నిన్ను ఆదుకొను మనిషి కావలసినచో, అప్పుడు డీలరువద్దకు పోదము. ఇద్దరము కలిసి పోదము. ఈసారి బిల్లు వరుస వరుస నేనే చదివెదను.